రంగం రూపాయి నుంచి ఫారెక్స్ కార్డు దాకా



వచ్చే నెల పారిస్ వెళ్తున్న మనవాళ్ళ కోసం గ్రూపులో ఒకరు "ఏ కార్డు పట్టుకెళ్తే మంచిదండీ?" అని అడిగారు. రెండు రోజులు జవాబులు వస్తూనే ఉన్నాయి. ఒకరు ఫారెక్స్ కార్డన్నారు, ఒకరు క్రెడిట్ కార్డన్నారు. ఒక పెద్దాయన మాత్రం "యూరో నోట్లు కొని బొడ్డున దోపుకోండి, అన్నింటికంటే అదే నయం" అన్నారు. చాలామంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఆయన తండ్రిగారు రంగంలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. ఆ మాట వెనక ఉన్న భయం ఎక్కడిదో మాకు తెలుసు. అందుకని కార్డుల సంగతికి ముందు కొంచెం పాత కథ చెబుతాం, ఓపిక పట్టండి.

రంగూన్‌ని మన పెద్దలు రంగం అనేవారు. మన యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అని పేరు పడింది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విశాఖ నుంచి వెళ్ళినా అక్కడ కోరంగీలే. ఆ రోజుల్లో డబ్బు మార్చుకోవడమనే మాటే లేదు. బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, అక్కడా ఇక్కడా ఒకటే రూపాయి. యానాం ఫ్రెంచివారిదైనా మన సంతలో నడిచిందీ రూపాయే. ఫ్రెంచి ఇండియాకి నోట్లు వేసిన బాంక్ ద లాందోషీన్ కూడా వాటిని రూపాయల్లోనే వేసింది.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. రెండుచోట్లా నోట్లు వేసింది మన రిజర్వు బ్యాంకే. కానీ బర్మాకి పంపే నోట్ల మీద, ఇవి బర్మాలో మాత్రమే చెల్లుతాయని ఇంగ్లీషులో అదనంగా అచ్చు గుద్దారు. అదే రాజు బొమ్మ, అదే రూపాయి, సముద్రం దాటితే చెల్లదు! 1942లో జపాన్‌వాళ్ళు వచ్చి తమ నోట్లు తాము వేశారు. యుద్ధం ముగిశాక అవి చిత్తుకాగితాలయ్యాయి. మళ్ళీ 1964 మే నెలలో నెవిన్ ప్రభుత్వం 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేసింది. పాతికేళ్ళు పైబడిన కాలంలో మూడు దెబ్బలు. తిరిగొచ్చి విశాఖ బర్మా క్యాంపులో తలదాచుకున్న కుటుంబాల్ని అడగండి, కాగితాన్ని ఎందుకు నమ్మరో వాళ్ళే చెబుతారు. ఆడవాళ్ళ మెడలో ఉన్న బంగారమే ఆ రోజుల్లో రెండు ఒడ్డుల్లోనూ చెల్లిన కార్డు.

ఇక ఫ్రాన్స్ వైపు కథ. 1962 ఆగస్టు 16న విలీనం చట్టపరంగా పూర్తయినప్పుడు మనలో కొన్ని కుటుంబాలు ఫ్రెంచి జాతీయత ఉంచుకున్నాయి. మన పిల్లలు కొందరు ఇవాళ పారిస్ చుట్టుపక్కల ఉండటానికి మూలం అదే. అలాంటి ఒక ఇంట్లో 2014లో పాత ట్రంకుపెట్టె తెరిస్తే 200 ఫ్రాంకుల నోట్లు కొన్ని దొరికాయి, గుస్తావ్ ఐఫెల్ బొమ్మ ఉన్నవి. ఎంత సంబరపడ్డారో! యూరో నోట్లు వచ్చింది 2002 జనవరి 1న. ఫ్రాంకు నోట్లను మార్చుకోవడానికి ఇచ్చిన గడువు 2012 ఫిబ్రవరి 17తో అయిపోయింది. రెండేళ్ళు ఆలస్యం. బొడ్డున దోపుకునే పెద్దాయనకి మేము చెప్పదలచుకున్నది ఇదేనండి. నోటు కూడా శాశ్వతం కాదు.

ఈ తలనొప్పికి మందు 1891లోనే కనిపెట్టారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీలో మార్సెల్లస్ బెర్రీ అనే ఉద్యోగి ట్రావెలర్స్ చెక్కు తయారుచేశాడు. కొన్నప్పుడొక సంతకం, ఖర్చుపెట్టేటప్పుడు మరో సంతకం. రెండూ కలిస్తేనే డబ్బు. పోతే కంపెనీ కొత్తది ఇస్తుంది. అంటే కాగితం పోయినా డబ్బు పోదు. కార్డుకి తాతగారు ఇదే. మనకి మాత్రం అది అందేదాకా చాలాకాలం పట్టింది. విదేశీ మారకం మీద చట్టాలు 1947లో ఒకసారి, 1973లో మరింత గట్టిగా వచ్చాయి. చదువుకి వెళ్ళినవాళ్ళు ఎనిమిది డాలర్లతో దిగామని చెప్పుకునే రోజులవి. 2004లో ఏడాదికి 25 వేల డాలర్ల దాకా పంపుకోవచ్చన్నారు, ఇప్పుడది రెండున్నర లక్షల డాలర్లు. మనలో ఎవరికీ ఆ పరిమితి అడ్డు రాదనుకోండి!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. రెండేళ్ళ క్రితం మన సభ్యులైన ఒక దంపతులు కూతురి దగ్గరికి పారిస్ వెళ్ళారు. మందులున్న పెట్టె విమానంలో రాలేదు. కూతురు నైట్ డ్యూటీలో ఉంది. డాక్టరుకి చూపించి చీటీ రాయించుకుని మందులషాపుకి వెళ్తే, బాబాయిగారి కార్డు మూడుసార్లు పెట్టినా పడలేదు. బ్యాంకు నుంచి కొత్తగా వచ్చిన కార్డది, ఖాతాలో డబ్బు నిండుగా ఉంది. చివరికి పిన్నిగారు కొంగుముడి విప్పి రెండు యాభై యూరోల నోట్లు తీస్తే ఆ రాత్రి బీపీ మాత్రలు దొరికాయి.

కార్డు ఎందుకు పడలేదో తర్వాత తెలిసింది. 2020 అక్టోబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు ఇండియాలో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన మంచి నిబంధనే. కానీ మాకు వెంటనే గుర్తొచ్చింది బర్మా నోటు మీద అచ్చు. ఆ అచ్చు కంటికి కనబడేది, ఇది కనబడదు, అంతే తేడా. వాళ్ళ ఇండియా సిమ్ముకి రోమింగు లేదు, ఓటీపీ రాదు, అక్కడి నుంచి సరిచేసుకునే దారీ లేకపోయింది.

ఖర్చు లెక్క కూడా చూడండి. మామూలు క్రెడిట్, డెబిట్ కార్డుల మీద విదేశీ మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయలు ఖర్చుచేస్తే 3,500కి 630 కలిపి 4,130 రూపాయలు ఊరికే పోతాయి. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, వాటి వార్షిక రుసుము ఎంతో అడిగి తెలుసుకోండి. ఫారెక్స్ కార్డులో లోడు చేసిన రోజు రేటే ఖాయం, అదొక నిశ్చింత. కానీ లోడు చేసేటప్పుడు ఇచ్చే రేటులోనే వాళ్ళ లాభం ఉంటుంది, కాబట్టి రెండుచోట్ల అడగాలి. యూరోలు నింపిన కార్డుతో స్విట్జర్లాండ్ టూరుకి వెళ్తే అక్కడ స్విస్ ఫ్రాంకులు, మళ్ళీ మార్పిడి ఛార్జీ. మిగిలిన డబ్బుని తిరిగి రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకో కోత.

అక్కడి మెషీన్ "రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా?" అని అడుగుతుంది. రూపాయలంటే మనదేనని ప్రేమగా నొక్కేస్తాం. అప్పుడు రేటు కట్టేది మన బ్యాంకు కాదు, ఆ మెషీన్ వాళ్ళు, తమ లాభం కలుపుకుని మరీ. యూరో అనే నొక్కండి.

ఐఫెల్ టవర్ టిక్కెట్లకి 2024 ఫిబ్రవరిలో యూపీఐ మొదలైన మాట నిజమే. దాన్ని నమ్ముకుని మాత్రం బయల్దేరకండి, వీధి చివర మందులషాపులో అది నడవకపోవచ్చు.

మా మాట ఇది: రోజువారీ ఖర్చుకి ఫారెక్స్ కార్డు, ఆపదకి వేరే బ్యాంకు క్రెడిట్ కార్డు, రెండూ ఒకే పర్సులో వద్దు. ఓ వంద, నూట యాభై యూరోల నోట్లు పిన్నిగారిలా కొంగున ఉంచుకోండి. వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి సంఘం హాల్లో ఉంటాం. ప్రయాణమయ్యేవాళ్ళు ఫోనూ కార్డులూ తెచ్చుకోండి, విదేశీ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టి, రోమింగు కూడా చూసి పంపిస్తాం. పిన్ను మాత్రం మాకు చెప్పొద్దు.