రాత్రి 2:40, బ్రాంప్టన్, కెనడా

కిటికీ అవతల మంచు కురుస్తోంది. మీ భుజం మీద 11 నెలల పిల్లాడు పెనంలా కాలుతున్నాడు. థర్మామీటర్‌లో 39.1.

"మన లెక్కలో ఎంతమ్మా?" అంటోంది గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య.

"నూట రెండు దాటిందత్తయ్యా."

ఆవిడ గబగబా దుప్పటి తెచ్చి కప్పబోతోంది. మీ ఆయన నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఇప్పుడే ఆస్పత్రికి పరుగెత్తాలా, తెల్లారేదాకా ఆగాలా?

811 నొక్కారు. ఒంటారియోలో 2001 నుంచీ 'టెలిహెల్త్ ఒంటారియో' పేరుతో నడిచిన సేవే, 2022లో ఈ మూడంకెల నంబరుకి మారింది. రాత్రీ పగలూ రిజిస్టర్డ్ నర్సులుంటారు. పైసా తీసుకోరు. కాసేపు సంగీతం, ఆ తర్వాత ఒక నిదానమైన గొంతు.

"లేపితే లేస్తున్నాడా? పెదాలు నీలంగా ఉన్నాయా? ఫిట్స్ ఏమైనా వచ్చాయా?"

దేనికైనా తేడాగా జవాబిస్తే, వెంటనే 911కి ఫోన్ చెయ్యమనేది. లేస్తున్నాడు, మిగతావేవీ లేవన్నారు.

"చొక్కా విప్పి పొట్ట, ఛాతీ చూడండి. నేను గడియారం చూస్తాను, మీరు ఊపిరి లెక్కపెట్టండి."

దీపం దగ్గరికి జరిపారు. పైకి, కిందికి. నిమిషానికి 42.

"పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోందా?"

లేదు. ఇందాకటి నుంచీ పిల్లాణ్ణి గుండెలకు హత్తుకునే ఉన్నారు గానీ, ఇంత నిలకడగా చూసింది ఇప్పుడే. నర్సుకు కనబడదు కాబట్టి మీ కళ్ళతో చూస్తోంది.

"డైపర్ చివరిసారి ఎప్పుడు తడిసింది?"

ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. అత్తయ్య వైపు తిరిగారు.

"తొమ్మిదింటికి నేనేగా మార్చాను! బాగా బరువుగా ఉంది కూడా."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే, "మీ అత్తగారికి నా థాంక్స్ చెప్పండి" అంది నర్సు.

తర్వాత జ్వరం మందు సీసా. "డ్రాప్సా, సిరప్పా? రెండింటి గాఢతా ఒకటి కాదు. లేబుల్ చదవండి." 1 మిల్లీలీటరుకు 80 మిల్లీగ్రాములు. బరువడిగి, ఎంత పొయ్యాలో చెప్పింది. దుప్పటి వద్దు, పల్చటి చొక్కా చాలు. పాలు కొద్దికొద్దిగా పట్టాలి. అత్తయ్య మారుమాట లేకుండా దుప్పటి మడత పెట్టేసింది.

"ఐదింటిలోపు డైపర్ తడవకపోయినా, ఊపిరి వేగం పెరిగినా, లేపినా మత్తుగా పడి ఉన్నా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఏమీ లేకపోతే పొద్దున్నే డాక్టరుకి చూపించండి. ఒక్కసారి ఇవన్నీ మీరు నాకు చెప్పండి."

ఒక్కొక్కటీ అప్పజెప్పారు. మాట తడబడలేదు. ఫోన్ చేసినప్పటి వణుకు మీ గొంతులో లేదు.

మందు పడింది. నాలుగు గుక్కలు పాలు తాగి పిల్లాడు కళ్ళు మూశాడు. మీరు మళ్ళీ మళ్ళీ ఊపిరి లెక్కపెడుతున్నారు. అత్తయ్య గడియారం చూస్తోంది.

4:35. ఆవిడ చెయ్యి మెల్లగా పిల్లాడి కిందికి వెళ్ళింది.

"తడిసిందమ్మాయ్!"