టీవీకి ముందే తెరకెక్కిన రాక్షసులు

ముదిగుబ్బ, ధర్మవరం పల్లెల్లో భయమూ అద్భుతమూ తెరకెక్కింది టీవీతో కాదు. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులు మేకతోలును వెలుతురు దూరేంత పలచగా గీకి, ఉలితో రంధ్రాలు పొడిచి, రంగులద్ది రావణుణ్ణి నిలబెట్టేవారు. ముందు తెల్ల పంచె తెర, వెనక ఆముదం దీపాలు. బొమ్మను తెరకు ఆనిస్తే ప్రతి నగా కనిపించేది. దీపం వైపు లాగితే నీడ మసకబారి, పెరిగి, మీదికొచ్చేది. మంట వణికితే రాక్షసుడి ఒళ్లూ కదిలేది. పిల్లలు హడలేలోగా హాస్య పాత్రలు బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వించేవారు.

భయానికీ నవ్వుకీ కుదిరిన ఈ మోతాదు ఎంత గొప్పది!

తర్వాత టీవీ వంతు వచ్చింది. 1987లో దూరదర్శన్ ‘రామాయణ్’ మొదలుపెట్టింది. 1995లో ఈటీవీ వచ్చింది. ఆ దశాబ్దంలోనే ‘అన్వేషిత’ తెలుగు ఇళ్లలోకి భయాన్ని తెచ్చింది. అచ్యుత్, యమున నటించిన ఆ ధారావాహిక ఉత్కంఠను బాగా పండించింది. కానీ బొమ్మలాట తెల్లవార్లూ సాగేది, ఊరంతా ఒకేచోట భయపడేది. ఆ బలం సీరియల్‌కు లేదు.

ఆటలు తగ్గాక నిమ్మలకుంటలో అదే తోలుతో దీపాల గొడుగులు, గోడ చిత్రాలు చేస్తున్నారు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.