ఒక్క కబురు ఆపితే చాలునా?

కీళ్ళనొప్పులంటే ముసలితనంలో వచ్చేవేనని మనలో చాలామంది అనుకుంటాం. కాని రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్ళవాతం ముప్ఫై, నలభై ఏళ్ళకే పట్టుకోవచ్చు. అదీ మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే రెండు మూడు రెట్లు ఎక్కువ! పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. జడ వేసుకోవడం, పిండి కలపడం, గాజులు తొడుక్కోవడం అన్నీ గండాలే. అందుకే ఈ జబ్బుకు మందు దొరికిన కథ నాకు రాజుల యుద్ధాల కంటే గొప్ప చరిత్ర అనిపిస్తుంది.

ఇందులో శత్రువు బయటివాడు కాదు. ఒంటికి కాపలా కాయవలసిన కణాలే పొరబడి కీళ్ళలోని పొర మీద దండెత్తుతాయి. అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే ప్రోటీన్లు చాలా ఉన్నాయి. అందులో ఒకదాని పేరు టి.ఎన్.ఎఫ్.

లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అనే ఇద్దరు డాక్టర్లు దీని వెంటపడ్డారు. మైనీ మన లూధియానాలో పుట్టినవాడే. "ఇంతమంది కబుర్లు మోస్తుంటే ఒకణ్ణి ఆపి ఏం లాభం?" అన్న అనుమానం అప్పట్లో ఉండేది. కాని రోగుల కీళ్ళలోంచి తీసిన కణాల మీద ప్రయోగం చేసి చూస్తే, టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకోగానే మరో ముఖ్యమైన కబురు కూడా తగ్గిపోయింది. ఈ సంగతి 1989లో ప్రకటించారు. పెద్ద గొంతును మూయిస్తే మిగతా గొంతులూ తగ్గాయన్నమాట!

1992లో చేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో 20 మంది రోగులకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఎక్కించారు. అది కొంత ఎలుకది, కొంత మనిషిది కలిపి తయారుచేసిన యాంటీబాడీ. టి.ఎన్.ఎఫ్.ను పట్టుకుని కదలనివ్వదు. వాపులు తగ్గాయి, నొప్పులు తగ్గాయి. కాని కొన్ని వారాలకు జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. తర్వాత 73 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. ఉత్తుత్తి మందు పుచ్చుకున్న 24 మందిలో ఇద్దరికే గుణం కనిపించింది. బరువు కిలోకు 1 మిల్లీగ్రాము ఇచ్చిన 25 మందిలో 11 మందికీ, 10 మిల్లీగ్రాములు ఇచ్చిన 24 మందిలో 19 మందికీ కనిపించింది.

ఇక్కడో చిక్కు వచ్చింది. ఆ ఎలుక భాగాన్ని ఒళ్ళు పరాయిదిగా చూసి, మందుకే ఎదురుతిరుగుతుంది. తోడుగా మెథోట్రెక్సేట్ ఇస్తే ఆ ఎదురుదాడి తగ్గింది. ఈ మెథోట్రెక్సేట్ ఎవరి చలవో తెలుసా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనశాలది! క్యాన్సరు కోసం పుట్టిన మందు కీళ్ళకూ అక్కరకొచ్చింది.

ఈ మందులు ప్రోటీన్లు. మింగితే కందిపప్పులా అరిగిపోతాయి. అందుకే సూదిమందుగానే ఇవ్వాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మామూలుగా కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, తర్వాత ఎనిమిది వారాలకోసారి సెలైనులా ఎక్కిస్తారు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఎటనర్సెప్ట్ చర్మం కింద వారానికి 50 మిల్లీగ్రాములు. 2002లో వచ్చిన అడాలిముమాబ్ రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు. నొప్పి తగ్గింది కదా అని మన ఇష్టానికి మానేస్తే, ఆ 1992 నాటి రోగులకులాగే తిరగబెట్టవచ్చు.

ఇంకో మాట. ఒంట్లో ఎప్పుడో దాగిన క్షయను నిద్రలేవకుండా చూసే కాపలా కూడా టి.ఎన్.ఎఫ్.దే. దాన్ని ఆపితే క్షయ లేచి కూర్చోవచ్చునని 2001లో తేలింది. అందుకే సూది వేసేముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో మరీను. మందు వాడుతుండగా జ్వరమో, విడవని దగ్గో వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఈ మందులు జబ్బును వేళ్ళతో సహా పెకలించవు. వంకరపోయిన వేలిని తిన్నగా చెయ్యవు. వంకరపోకుండా మాత్రం చాలామందిలో కాపాడగలవు. అందుకే "ఆడవాళ్ళకు నొప్పులు మామూలేలే" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటుంటే ఇంటి పని తర్వాత, డాక్టరు ముందు.