గృహ జలచక్రము – విద్యుజ్జాల సంధానము

కొండవాగుల చెంత నివసించు గృహస్థులు స్వల్పజలధారతో త్రిప్పుకొను చిన్న టర్బైనును ప్రజా విద్యుజ్జాలముతో కలుపు విధానమిది. 20 మీటర్ల యెత్తునుండి సెకనుకు 10 లీటర్ల నీరు పడునెడల సిద్ధాంతరీత్యా సుమారు 2 కిలోవాట్ల శక్తి లభింపవలసియున్నను, గొట్టములందలి రాపిడివలనను యంత్రనష్టములవలనను అందు సగమునకు కొంచెము మించి మాత్రమే చేతికందును. ఎత్తు అధికమై నీరు స్వల్పమైనచోట, 1880లో పెల్టన్ పేటెంటు పొందిన దొప్పల చక్రము శ్రేష్ఠము.

మన దేశపు విద్యుజ్జాలము 50 హెర్ట్‌జులది. కావున నాలుగు ధ్రువముల ఇండక్షన్ మోటారును నిమిషమునకు 1500 చుట్లకంటె ఇంచుక వేగముగా త్రిప్పినయెడల, అది తనకు వలసిన అయస్కాంతీకరణ ప్రవాహమును జాలమునుండియే గ్రహించి, తానే జనరేటరై విద్యుత్తును తిరిగి పంపును. శాశ్వతాయస్కాంత జనరేటరునకైతే ఇన్వర్టరు వలయును.

సర్వప్రధానమైనది రక్షణ. జాలమున కరెంటు పోయిన వెంటనే ఈ యంత్రము దానినుండి విడివడవలయును. లేనిచో, కరెంటు లేదని నమ్మి తీగను ముట్టిన లైన్‌మ్యాన్ ప్రాణమునకే ముప్పు. అయితే భారము తొలగిన పెల్టన్ చక్రము మామూలు వేగమునకు ఇంచుమించు రెట్టింపు వేగముతో పరుగిడును. అప్పుడు కవాటమును దిగ్గున మూయరాదు. మూసినచో గొట్టమునందలి నీటి ఊపు వెనుకకు తన్ని గొట్టమునే చీల్చవచ్చును. అందుచే ధారను ప్రక్కకు మరల్చు రేకును అడ్డుపెట్టుటయో, శక్తిని నీరు కాచు హీటరునకు మళ్లించుటయో చేయుదురు.