పైలట్ మంటను ఆర్పింది ఎవరు?

గ్యాస్‌తో నీళ్లు కాచే, ఇళ్లను వెచ్చబరిచే పరికరాల చరిత్రను చేతిపుస్తకాలు చాలామటుకు ఒకే మెట్ల వరసగా చూపిస్తాయి. మొదట అగ్గిపుల్ల, తర్వాత ఆరకుండా వెలిగే చిన్న పైలట్ మంట, దానికి కాపలాగా థర్మోకపుల్, ఆపైన ఎలక్ట్రిక్ స్పార్క్, ఎర్రగా కాలే ఇగ్నైటర్, చివరికి మైక్రోప్రాసెసర్. ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ ప్రమాదం తగ్గిందని వాటి సారాంశం. తయారీదారుల శిక్షణ తరగతుల్లో ఇలా చెప్పడం సహజమే, కొత్త సరుకు అమ్మేవాళ్లు పాత సరుకును పొగడరు. చరిత్ర అనే పేరుతో వచ్చిన రాతలు కూడా దాన్నే తిరగరాస్తుంటే ఒప్పుకోవడం కష్టం. పైలట్ మంటను తీసేయడానికి ముఖ్య కారణం గ్యాస్ పొదుపు. తీసేశాక భద్రత భారంలో పెద్ద వాటా పరికరం నుంచి దాన్ని బిగించే మనిషి మీదికి జారింది. ఈ రెండు సంగతులూ ఆ మెట్ల వరసలో ఎక్కడా కనిపించవు.

తొలి దశలు తెలిసినవే కనుక త్వరగా దాటేద్దాం. 1792లో ఇంగ్లండు నైరుతి కొసన రెడ్‌రూత్‌లో విలియం మర్డాక్ తన ఇంట్లో బొగ్గు వాయువుతో దీపం వెలిగించాడు. 1812లో లండన్‌లో గొట్టాల ద్వారా గ్యాస్ ఇచ్చే కంపెనీ పుట్టింది. 1855 ప్రాంతంలో హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, ఆయనకు పరికరాలు చేసిపెట్టే డెసాగా కలిసి గాలి కలుపుకొని మండే బర్నర్‌ను తయారుచేశారు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే పెయింటర్ ‘గీజర్’ పేరుతో నీళ్లు కాచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాలిన వాయువు బయటికి పోయే గొట్టమే అందులో లేదు. 1889లో పిట్స్‌బర్గ్‌లో, నార్వే నుంచి వలస వచ్చిన ఎడ్విన్ రూడ్ తనంత తాను పనిచేసే హీటర్‌ను రూపొందించాడు. మనిషి దగ్గర లేకుండా బర్నర్ అంటుకోవాలంటే పక్కనే ఒక చిన్న మంట ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి కదా. పైలట్ అవసరం అలా స్థిరపడింది.

థర్మోకపుల్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపి ఒక అతుకును వేడిచేస్తే విద్యుత్ ప్రభావం పుడుతుందని సీబెక్ 1821లో గమనించాడు. వందేళ్ల తర్వాత గ్యాస్ పరిశ్రమ దాన్ని కాపలా పనికి పెట్టుకుంది. తీగ మొన పైలట్ మంటలో కాలుతుంటే దాదాపు 25, 30 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ కాస్త కరెంటుకు వాల్వును తెరిచే బలం లేదు, తెరిచినదాన్ని పట్టుకునే బలం మాత్రం ఉంది. అందుకే పైలట్ వెలిగించాక నాబ్‌ను అరనిమిషం వేలితో నొక్కి పట్టాలి. మంట ఆరితే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. తీగ తెగినా, నట్టు వదులైనా, మొన మసిబారినా మూసేస్తుంది. నట్టును వేళ్లతో బిగించి ఆపైన పానాతో పావు చుట్టు మాత్రమే తిప్పాలని నియమం. అత్యుత్సాహంతో మరీ బిగించి లోపలి ఇన్సులేషన్ చితక్కొట్టినా జరిగే నష్టం హీటరు వెలగకపోవడమే. బిగించేవాడు తప్పు చేసినా ఆ తప్పు గ్యాస్ ఆగే వైపే పోతుంది. పైగా ఇంటి కరెంటుతో దీనికి పనే లేదు, కాపలాకు కావలసిన శక్తిని కాపలా కాసే మంట నుంచే తీసుకుంటుంది. ఒక్క లోపం ఉంది. మొన చల్లబడటానికి చాలా సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది. ఆ లోగా గ్యాస్ పోతూనే ఉంటుంది.

ఇంత సాధువైన ఏర్పాటును 1970లలో ఎందుకు తీసేశారు? నాకు అసలు తగవు ఇక్కడే ఉంది.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇంధనం గురించి గుబులు మొదలైంది. 1976–77 చలికాలంలో సహజవాయువుకే కొరత వచ్చింది. అప్పుడు అందరి చూపూ పైలట్ మీద పడింది. గంటకు 500 బీటీయూ తీసుకునే ఒక మామూలు పైలట్ ఏడాదంతా మండితే ఎంతవుతుందో మన లెక్కలో చూడండి: 14.2 కిలోల సిలిండర్లు ఏడు. ఒక్క చుక్క నీళ్లు వేడి కాకపోయినా ఏడు సిలిండర్లు! చలికాలంలో ఆ వేడిలో కొంత ఇంటికే ఉపయోగపడుతుందన్న వాదన అప్పుడూ ఉంది, అందులో నిజమూ ఉంది. వేసవిలో మాత్రం అది శుద్ధ దండగ.

చట్టాల రాతలోనే దీనికి బలమైన సాక్ష్యం ఉంది. 1987 నాటి అమెరికా సమాఖ్య చట్టం పేరే ఉపకరణాల ఇంధన పొదుపు చట్టం. 1990 నుంచి, కరెంటు ప్లగ్గు ఉన్న గ్యాస్ వంటపొయ్యిల్లో నిరంతరం మండే పైలట్ ఉండకూడదని అది చెప్పింది. ప్లగ్గు లేని పొయ్యిలకు మినహాయింపు ఇచ్చింది. పైలట్ ప్రమాదకరమని నమ్మిన శాసనకర్త కరెంటు లేని ఇంటికి ఆ ప్రమాదాన్ని ఎందుకు వదిలిపెడతాడు? ఆ మినహాయింపు తొలగి 2012లో వంట ఉపకరణాలన్నిటికీ నిషేధం వచ్చినప్పుడు కూడా దాన్ని తెచ్చింది ఇంధన శాఖే.

భద్రత ఊసే లేదని నేననను. కారు షెడ్డులో పెట్రోలు ఒలికితే నేలబారుగా పాకే ఆవిరికి హీటరులోని పైలట్ నిప్పంటించిన ఘటనలు నిజం. మంట పుట్టే భాగం నేలకు 18 అంగుళాల ఎత్తున ఉండాలన్న నియమం అందుకే వచ్చింది. 2003 నుంచి అమెరికాలో మామూలు గ్యాస్ నీళ్ల హీటర్లు ఆ ఆవిరిని అంటించకుండా తట్టుకోవాలని ప్రమాణం పెట్టారు. తయారీదారులు దానికేం చేశారంటే, మండే గదిని మూసి, గాలి వచ్చే దారిలో మంటను అడ్డుకునే జల్లెడ పెట్టారు. చాలా నమూనాల్లో పైలట్ ఆ గదిలోపల యథాతథంగా మండుతూనే ఉంది. అచ్చంగా భద్రత కోసమే చేసిన పెద్ద సవరణ పైలట్‌ను ఉంచుకోగలిగిందన్నమాట.

పైలట్ స్థానంలోకి వచ్చిన ఏర్పాటు తెలివైనదే. మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి అది కరెంటును కొద్దిగా మోస్తుంది. సెన్సర్ కడ్డీ సన్నగా, బర్నర్ విశాలంగా ఉండటం వల్ల ఆల్టర్నేటింగ్ కరెంటు ఒక దిక్కుకే ఎక్కువగా పారుతుంది. కంట్రోలు బోర్డు ఆ ఏకముఖ ప్రవాహాన్ని చూసి మంట ఉందని నమ్ముతుంది. తీగలు షార్టయితే అలాంటి ప్రవాహం రాదు కనుక మోసపోదు. మంట ఆరితే నిమిషం కాదు, ఒకటి రెండు సెకన్లలో గ్యాస్ కట్టేస్తుంది. ఇక్కడ థర్మోకపుల్ ఓడిపోయిందని ఒప్పుకోవాలి.

అయితే ఆ ప్రవాహం కొన్ని మైక్రోఆంపియర్లే. అది బర్నర్ లోహం గుండా, ఎర్త్ తీగ గుండా బోర్డుకు తిరిగి చేరాలి. ఎర్త్ సరిగా లేకపోయినా, కొన్ని బోర్డులకు ఫేజూ న్యూట్రలూ తారుమారైనా, మంట కళ్లెదుట నీలంగా మండుతున్నా బోర్డుకు కనిపించదు. వెలిగిస్తుంది, ఆపేస్తుంది, మళ్లీ వెలిగిస్తుంది. మరో పొరపాటు ఇంకా పెద్దది. థర్మోస్టాట్ స్విచ్చును ఎర్త్ అయిన తీగ వైపు పెడితే, వాల్వుకూ స్విచ్చుకూ మధ్య తీగ ఒరుసుకుపోయి రేకుకు తగిలిననాడు స్విచ్చు కట్టేసి ఉన్నా వాల్వుకు కరెంటు అందుతుంది. ఇక్కడ తప్పు గ్యాస్ పారే వైపు పోతుంది. పాత ఏర్పాటుకూ కొత్తదానికీ నేను చెప్పే తేడా అదే.

కాబట్టి కొత్త కంట్రోలు బిగించడమంటే పైపూ తీగా కలపడమే కాదు. గ్యాసూ కరెంటూ రెండూ కట్టేయాలి. వాల్వు మీది బాణం గుర్తు గ్యాస్ పారే దిక్కుకు ఉండాలి. పానాను వాల్వు ఒంటికి కాకుండా దాని చివరి పలకలకే వేయాలి. సీలు మందును మగ మరలకే, మొదటి రెండు చుట్లు వదిలి, పలచగా పూయాలి, లేదంటే పిసరు ఊడి వాల్వు నోట్లో ఇరుక్కుంటుంది. అతుకులకు సబ్బు నురగ పెట్టి చూడాలి. బర్నర్‌కు అందే పీడనం కొలవాలి. అన్నీ అయ్యాక, మండుతుండగా సెన్సర్ తీగను ఊడదీసి గ్యాస్ నిజంగా ఆగుతోందో లేదో కళ్లారా చూడాలి. ఎల్పీజీ అయితే ఇంకో మాట. అది గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. సహజవాయువు కోసం తొలినాళ్లలో చేసిన కొన్ని కంట్రోళ్లు పైలట్ అంటుకోకపోయినా దానికి గ్యాస్ వదులుతూ, స్పార్క్ కొడుతూనే ఉండేవి. ఎల్పీజీకి అది కుదరదు, అంటుకోకపోతే పైలట్‌తో సహా అంతా మూసుకుపోవాలి. అమెరికాలో మనవాళ్లు కొందరు బేస్‌మెంట్ ఫర్నేసుకు సిలికాన్ కార్బైడ్ ఇగ్నైటర్ తెప్పించుకుని స్వయంగా మార్చుకుంటారు. దాని కాలే భాగాన్ని ఉత్త వేళ్లతో ముట్టుకుంటే అంటిన జిడ్డుకే అది త్వరగా చిట్లుతుంది.

భద్రత మనుషుల మీద ఆధారపడిందనడానికి బ్రిటన్ మంచి సాక్షి. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ భవనంలో ఒకావిడ టీ కోసం అగ్గిపుల్ల గీస్తే పేలుడు జరిగి భవనం ఒక మూల కూలింది, నలుగురు పోయారు. పొయ్యికి గ్యాస్ తెచ్చే గొట్టం దగ్గర ఇత్తడి నట్టు నాసిరకమని విచారణలో తేలింది. అక్కడ ఏ ఇగ్నిషన్ కంట్రోలూ చేయగలిగింది లేదు. 1970లో గ్యాస్ పనివారి నమోదు సంస్థ కార్గి ఏర్పడింది, 1991లో నమోదు తప్పనిసరైంది. ఇదంతా జరుగుతుండగానే, 1967 నుంచి 1977 దాకా, దేశం మొత్తం బొగ్గు గ్యాస్ నుంచి సహజవాయువుకు మారింది. కోటికి పైగా ఇళ్లలో మనుషులు వెళ్లి బర్నర్లూ జెట్లూ చేత్తో మార్చారు. సహజవాయువు మంట నెమ్మదిగా పాకుతుంది, బర్నర్ మీదినుంచి లేచిపోతుంది, పాత పైలట్లు దానికి పనికిరావు. ఆ కాలంలో గ్యాస్ విషం వల్ల మరణాలు బాగా తగ్గాయి. ఆ ఘనతను కొత్త కంట్రోళ్ల ఖాతాలో వేయడం పొరపాటు. పాత గ్యాస్‌లోనే కార్బన్ మోనాక్సైడ్ ఉండేది, కొత్తదానిలో లేదు.

మెట్ల వరస పూర్తిగా మరిచిన సంగతి ఇంకోటుంది. పైలట్ జెట్టును తగినట్టు చెక్కితే, గదిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 18 దాకా పడిపోయేసరికి ఆ మంట థర్మోకపుల్ నుంచి పక్కకు లేచిపోతుంది, గ్యాస్ ఆగుతుంది. చిమ్నీ లేని గది హీటర్లకు 1980ల నుంచి అమెరికాలో ఇది తప్పనిసరి. దుమ్ము పడితే ఇదీ గాడి తప్పుతుంది. కొలిచేది ఆక్సిజన్‌నే కాబట్టి, బర్నర్ మురికి వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడ్ దీనికి తెలియదు. అయినా గది గాలి చెడుతోందని గమనించగలిగిన ఇగ్నిషన్ ఏర్పాటు, దండగని ఈసడించిన ఆ పైలట్టే.

మన బాత్రూముల్లోని గ్యాస్ గీజర్‌కు ఆ చూపు లేదు. కుళాయి తిప్పితే నీటి ఒత్తిడికి డయాఫ్రం కదిలి స్విచ్చు నొక్కుతుంది, రెండు బ్యాటరీల శక్తితో స్పార్క్ వస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది, కడ్డీ మంటను గుర్తిస్తుంది. ఆ గొలుసులో వంక పెట్టడానికి లేదు. కానీ కిటికీ మూసిన చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గి మంట అరకొరగా మండుతున్నా కడ్డీ ‘మంట ఉంది’ అనే చెబుతుంది. గీజర్ స్నానాల మరణాల వార్తల్లో ఎక్కువ భాగం కార్బన్ మోనాక్సైడ్‌వే. ఇరవై నిమిషాలకు తనంత తాను ఆగే టైమరును భద్రతగా ప్రచారం చేస్తున్నారు. మూసిన గదిలో ఆ వ్యవధి చాలా ఎక్కువ. గీజర్‌కు ఐఎస్ 15558 అనే భారతీయ ప్రమాణం ఉంది. ప్రమాణానికి తగ్గట్టు తయారైన గీజర్‌ను గాలి ఆడని గోడకు బిగిస్తే ఆ ముద్ర ఎవరినీ కాపాడదు.

బ్రిటన్‌లో ఇల్లు అద్దెకిచ్చే యజమాని గ్యాస్ పరికరాలను ఏటా నమోదైన మనిషితో పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని అద్దెకున్నవాళ్లకు ఇవ్వాలని చట్టం. మన నగరాల్లో పొయ్యికి పైపు గ్యాస్ కలిపేటప్పుడు కంపెనీ మనిషి లీకు చూసి వెళతాడు. గీజర్ ఆ తర్వాత ఎప్పుడో, వేరే దుకాణం నుంచి, వేరే ప్లంబర్ చేతుల మీదుగా వస్తుంది. మంట మండుతుండగా సెన్సర్ తీగ ఊడదీసి చూడటం, వెంటిలేటరు కొలత చూడటం ఆ బేరంలో భాగం కావు. గీజర్ కొన్న రసీదుతోపాటు ఈ రెండు పరీక్షలూ చేసినట్టు సంతకం ఉన్న కాగితం కూడా ఇవ్వాలని నియమం పెట్టాలి. పెట్టెల మీద కొత్త కంట్రోళ్ల పేర్లు మాత్రం ఏటా మారుతున్నాయి.