ఏ చిత్రం చూడాలి? - 1952 ఉత్సవం నేర్పే పాఠం

చలనచిత్రోత్సవానికి వెళ్ళబోయే యువ రచయితలు, సాహిత్య విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇన్నింటిలో ఏవి చూడాలి? పైకి ఇది అభిరుచికి సంబంధించిన చిన్న సమస్యగానే కనిపిస్తుంది. కాని ఎంపిక ప్రేక్షకుడితో మొదలు కాదు. కార్యక్రమ పత్రం మన చేతికి వచ్చేలోగానే ప్రభుత్వాలూ, నిర్మాతలూ, దౌత్య అవసరాలూ తమ ఎంపిక ముగించి ఉంటాయి. మనం ఎంచుకునేది ఎంచి పెట్టిన వాటిలోంచే. ఈ సంగతిని మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవ చరిత్ర స్పష్టంగా చూపుతుందని నా అభిప్రాయం.

1952 జనవరి 24న బొంబాయిలో ఆ ఉత్సవం మొదలయింది. తర్వాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు వెళ్ళింది. నిర్వహించింది కేంద్ర ప్రభుత్వపు ఫిల్మ్స్ డివిజన్. పోటీలు లేవు. 23 దేశాల నుంచి సుమారు 40 కథాచిత్రాలు, 100 లఘుచిత్రాలు వచ్చాయి. దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు అప్పటికింకా ముగియలేదు. కొరియాలో యుద్ధం సాగుతోంది. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి ఉన్న ఆ రోజుల్లో ఏ దేశమూ ఊరికే సినిమా పంపలేదు, తన ముఖాన్ని తాను దిద్దుకుని పంపింది.

సోవియట్ యూనియన్ పంపిన వాటిలో 'బెర్లిన్ పతనం' ఉంది. ఫాసిజాన్ని ఓడించడానికి కోట్ల ప్రాణాలు ధారపోసిన ప్రజల గాథ అది కావలసింది. కాని చిత్రం చివర స్టాలిన్ విమానంలో బెర్లిన్‌లో దిగుతాడు, జనం జేజేలు పలుకుతారు. చరిత్రలో అలాంటి ఘట్టమే లేదు. 1956లో సోవియట్ పార్టీ 20వ మహాసభలో క్రుశ్చేవ్ ఈ చిత్రాన్ని పేరెత్తి మరీ విమర్శించాడు. అమెరికా తరఫున దర్శకుడు ఫ్రాంక్ కాప్రా స్వయంగా వచ్చాడు. అమెరికా జాబితాలో వచ్చిన 'ది రివర్' ఫ్రెంచి దర్శకుడు జా రెన్వార్ బెంగాల్లోనే తీసిన చిత్రం. అందమైన చిత్రమే, అయితే కథ గంగ ఒడ్డున కాపురమున్న ఒక ఇంగ్లీషు కుటుంబానిది. 1943 కరువు చూసిన ఆ నేల అందులో నేపథ్యమే అయింది. జెండా చూసి చిత్రాన్ని ఎంచుకునేవాడు ఎటు వెళ్ళినా నష్టపోతాడనడానికి ఈ రెండూ చాలు.

ఆ ఉత్సవంలో నిలిచిపోయినవి ఇటాలియన్ చిత్రాలు: రోసెల్లినీ 'రోమ్ ఓపెన్ సిటీ', డి సికా 'బైసికిల్ థీవ్స్', 'మిరకిల్ ఇన్ మిలాన్'. 'బైసికిల్ థీవ్స్' నిర్మాణానికి డబ్బు పెడతానన్న హాలీవుడ్ నిర్మాత ఒకడు నాయకుడుగా కేరీ గ్రాంట్‌ను పెట్టుకోమన్నాడు. డి సికా ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ కార్మికుడు లాంబెర్టో మజ్జొరానీని ఆ పాత్రకు తీసుకున్నాడు. సినిమాలో పనికోసం అల్లాడిన ఆ మనిషి, సినిమా తర్వాత నిజంగానే ఫ్యాక్టరీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

ఇటలీ పాలకులకు ఈ చిత్రాలంటే ప్రీతి ఉందనుకోవద్దు. 1949లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ సహాయం కావాలంటే స్క్రిప్టుకు ముందే ఆమోదం పొందాలి. దేశం పరువు తీస్తుందనుకున్న చిత్రానికి ఎగుమతి అనుమతి నిరాకరించవచ్చు. ఆ చట్టం వెనుక ఉన్న ప్రభుత్వ ఉపకార్యదర్శి ఆంద్రెయొత్తీ 1952 ఫిబ్రవరిలో డి సికాకు బహిరంగ లేఖ రాసి, 'ఉంబెర్టో డి' ఇటలీని చెడ్డగా చూపిందని మందలించాడు. మన దేశంలో ఉత్సవం జరుగుతున్న కాలమది. ఇంట్లో మందలింపు, బయట ప్రతిష్ఠ! పాలకవర్గాలు కళను వాడుకునే తీరు ఇదే.

మరి మన పాలకులు మన ముఖంగా దేన్ని పంపారు? హిందీ నుంచి 'ఆవారా', మరాఠీ నుంచి 'అమర్ భూపాళీ', బెంగాలీ నుంచి 'బాబ్లా', దక్షిణాది మొత్తానికి మన 'పాతాళభైరవి'. 1951లో వచ్చిన ఆ చిత్రాన్ని నేను తక్కువ చేయడం లేదు. కె.వి. రెడ్డి కథనశక్తి, పింగళి నాగేంద్రరావు మాటలోని నుడికారం, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం తెలుగువాళ్ళు గర్వించదగినవే. తోటరాముడు కూడా తోటమాలి కొడుకే. అయితే అప్పటికి 12 ఏళ్ళ కిందటే గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీసి, జమీందార్ల ఆగ్రహానికీ నిషేధానికీ గురయ్యాడు. తెలుగు సినిమాకు ఆ ముఖమూ ఉందని ఆ ఉత్సవానికి వచ్చిన విదేశీయులకు తెలిసే వీలు లేకపోయింది.

ఇక చూసినవాళ్ళు ఏం చేశారన్నది అసలు విషయం. ఆ ఇటాలియన్ చిత్రాల ప్రేరణతోనే బిమల్ రాయ్ 1953లో 'దో బీఘా జమీన్' తీశాడని చరిత్రకారులు రాశారు. నిజమే, కాని సగమే నిజం. ఆ కథ సలీల్ చౌధురిది. ఆయన ప్రజానాట్య ఉద్యమం నుంచి వచ్చినవాడు. రిక్షా లాగిన బల్‌రాజ్ సహానీదీ అదే ఉద్యమం. 1944లో 'నబాన్న' నాటకం, 1946లో 'ధర్తీ కే లాల్', 1950లో నిమాయ్ ఘోష్ 'ఛిన్నమూల్' అప్పటికే దారి వేశాయి. అంటే ఉత్సవం ఆ చూపును పుట్టించలేదు, అప్పటికే ఉన్న చూపుకు పదును పెట్టింది. తెర ముందు వందలమంది కూర్చున్నారు. భూమి పోగొట్టుకున్న రైతును అంతకుముందే చూసినవాళ్ళకే రోమ్ వీధిలోని సైకిల్ తనదిగా కనిపించింది.

1986 జనవరిలో హైదరాబాదు ఫిల్మోత్సవ్‌కు వేదికయింది. 2004 నుంచి ఆ ఉత్సవం గోవాలో జరుగుతోంది. చిత్రాల సంఖ్య పెరిగింది, కంపెనీల, బహుమతుల పేర్లు తోడయ్యాయి, ఎంచి పెట్టే చేతులు ఇంకా ఎక్కువయ్యాయి. అందుకే మిత్రులకు నేను జాబితా ఇవ్వను. మూడు ప్రశ్నలు మాత్రం ఇస్తాను. ఈ చిత్రాన్ని ఎవరు పంపారు? దీన్ని సొంత దేశంలో ఎవరు ఇష్టపడలేదు? ఇందులో ఎవరి శ్రమ కథ అయింది, ఎవరిది నేపథ్యంగా మిగిలింది? వీటితోపాటు, కార్యక్రమ పత్రంలో లేని చిత్రాల పేర్లు కూడా అడిగి తెలుసుకోవాలి. చరిత్రలో సగం అక్కడే ఉంటుంది. రచయిత ఉత్సవానికి వెళ్ళేముందు తన ఊరు చూసి వెళ్ళాలి. అప్పుడు ఏ చిత్రం చూడాలో తేల్చుకోవడం అంత కష్టం కాదు.