మాధవాయపాలెం గుడ్డ, నరసాపురం లేసు: మన చిన్న వృత్తిదారుల ఎగుమతి కథ

ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే అందులో 'మడపోలం' అనే మాట కనిపిస్తుంది. అది మెత్తని నూలుగుడ్డకు పేరు. ఆ మాట ఇంగ్లండులో పుట్టింది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురాన్ని ఆనుకొని ఉన్న మాధవాయపాలెం పేరే తెల్లవారి నోట అలా మారింది. ఈస్టిండియా కంపెనీవారు అక్కడ వర్తకస్థానం పెట్టి, చుట్టుపక్కల సాలెవారు నేసిన గుడ్డను ఓడలకెక్కించేవారు. ఊరి పేరు ప్రపంచమంతా తిరిగింది గాని, నేసినవాడి పేరు ఊరి పొలిమేర దాటలేదు.

ఈ అమెరికా గడ్డమీద స్థిరపడిన మనం, పండుగ వచ్చిందంటే పోచంపల్లి చీరలు కట్టుకుంటాం, కలంకారీ దుప్పట్లు పరుస్తాం, లేసు గుడ్డలు బహుమతులుగా ఇచ్చుకుంటాం. ఆ వస్తువు చేసిన చేతికి, కొన్న చేతికి నడుమ ఎంత దూరమున్నదో, ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు ఏమి జరిగాయో పాఠకులతో ముచ్చటించాలని మా ఉద్దేశం.

కంపెనీ కాలం

1611లో ఇంగ్లీషువారి 'గ్లోబ్' ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చేనాటికే డచ్చివారు అక్కడ వర్తకం సాగిస్తున్నారు. తూర్పు దీవులలో లవంగాలు, జాజికాయ కొనాలంటే వెండి కన్నా మన గుడ్డే ఎక్కువగా చెల్లేది. పర్షియావారికి ఒక రకం అద్దకం కావాలి, జావావారికి మరొక రకం. చిరివేరుతో వేసిన ఎరుపు రంగు ఎన్ని ఉతుకులకూ చెక్కుచెదరదని పేరు.

మరి పర్షియావాడి అభిరుచి పెడన పల్లెలో అద్దకందారుకు ఎలా తెలుస్తుంది? కంపెనీవారు మచ్చు గుడ్డ పంపేవారు. ఇంత పొడవు, ఇంత పన్నా, ఈ పువ్వు, ఈ రంగు అని నిర్ణయం. దలాలు బయానా పంచేవాడు. గుడ్డ తయారయ్యాక కొలిచి, మచ్చుతో సరిపోల్చి, తేడా ఉంటే ధర తగ్గించేవారు, లేదా తిప్పి పంపేవారు. బయానా అప్పటికే తిండికీ నూలుకూ ఖర్చయిపోయి ఉండేది. తిరిగివచ్చిన గుడ్డ అప్పుగా మారేది.

గమనించవలసినదేమంటే, చిన్నవాడిని విదేశీ బజారుకు 'సిద్ధం చేయడం' ఆనాడే ఉన్నది. అయితే ఆ సిద్ధం చేయడం కంపెనీ లాభం కోసం. బజారు ఎక్కడున్నదో, అక్కడ ధర ఎంతో, చట్టమేమిటో నేతగానికి చెప్పినవారు లేరు. ఇంగ్లండులో 1700లోను, 1721లోను అద్దకపు గుడ్డలపై నిషేధపు చట్టాలు వచ్చాయి. వాటి దెబ్బ మన తీరానికి తగిలినప్పుడు, ఆ చట్టమంటూ ఒకటున్నదని కూడా ఎరుగనివారే దెబ్బతిన్నారు. చివరకు మడపోలం అనే పేరుతోనే లాంకషైరు మిల్లులు గుడ్డ నేసి లోకమంతా అమ్ముకున్నాయి. పేరు మనది, లాభం వారిది.

లేసు అల్లిన ఇల్లాళ్ళు

అదే నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు పేద స్త్రీలకు లేసు అల్లకం నేర్పారు. మొదట తమ దేశాలలోని స్నేహితుల ద్వారా అమ్మిపెట్టారు. తరువాత వర్తకులు ప్రవేశించారు. ఎగుమతిదారు దారం ఇస్తాడు, ఏజెంటు దానిని గడపగడపకూ పంచుతాడు. ఒక ఇంట పువ్వులు అల్లుతారు. మరొక ఇంట వాటిని కలిపి కుడతారు, దానిని 'అతుకుపని' అంటారు. ఉతకడం, ఇస్త్రీ, కట్టలు కట్టడం ఎగుమతిదారు దగ్గర. పువ్వు అల్లిన ఆమె పూర్తయిన టేబులుగుడ్డను కళ్ళజూడకపోవచ్చు. అది ఏ దేశం పోయిందో అసలే తెలియదు.

మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఈ స్త్రీల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజంతా కొక్కెపు సూది ఆడించినా వీరిని కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. 'ఇంట్లో ఊరికే కూర్చోక తీరిక వేళ చేసుకునే పని' అన్నారు. ఆ 'తీరిక' పేరు మీదనే కూలి పొలం కూలికన్నా తక్కువగా నిలిచిపోయింది. మాధవాయపాలెం సాలెవానికీ, రెండు వందల ఏళ్ళ తరువాతి ఈ ఇల్లాలికీ కష్టం ఒక్కటే: సరుకు సముద్రం దాటింది, సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

స్వాతంత్ర్యం తరువాత

ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వం ప్రయత్నం చేయలేదనలేము. కొన్నవాడు డబ్బు ఎగవేస్తే ఎగుమతిదారుకు నష్టపరిహారమిచ్చే బీమా సంస్థ 1957లో ఏర్పడింది. చేతిపనులు, చేనేత వస్తువులు విదేశాలలో అమ్మిపెట్టేందుకు 1958లో ఒక కార్పొరేషను వెలసింది. సరుకు ఓడ ఎక్కకముందే తనిఖీ చేసేందుకు 1963లో చట్టం వచ్చింది. 1965లో చేనేత ఎగుమతి ప్రోత్సాహక మండలి మద్రాసు కేంద్రంగా మొదలైంది. విదేశీ ప్రదర్శనలలో చోటు ఇప్పించడం, కొనుగోలుదారులను పరిచయం చేయడం దాని పనులు.

వీటివల్ల మేలు జరిగింది. కాని ఆ మేలు ఎక్కువగా పట్నంలో ఆఫీసు, టైపిస్టు ఉన్నవారికే అందింది. 1958నాటి ఆ కార్పొరేషనును మూసివేయాలని 2021లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇక నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు వ్యాపార కేంద్రం వెలిసి, స్త్రీలు సహకార సంఘంగా కూడి తామే అమ్మకం నేర్చుకోసాగారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పోచంపల్లి నేతకు అది ఎప్పుడో వచ్చింది. మడపోలం విషయంలో జరిగినట్టు ఊరి పేరును మరొకరు ఎత్తుకుపోకుండా ఇది కొంత రక్షణ.

మా అనుభవం

కొన్నేళ్ళ క్రితం మా సంఘం ఉత్సవానికి ఒక చిన్న ఉత్పత్తిదారు వద్దనుంచి లేసు టేబులుగుడ్డలు తెప్పించాం. మచ్చు చూసి అందరం మురిసిపోయాం. సరుకు మాత్రం కస్టమ్సువారి దగ్గర ఆగిపోయింది. కారణం చిన్నదే. ఏ నూలు, ఏ దేశం, ఎవరి సరుకు అని తెలిపే చీటీ ఏ గుడ్డకూ లేదు. ఈ దేశంలో 1960 నుంచీ అమలులో ఉన్న నిబంధన అది. చీటీలు కుట్టించి విడిపించేసరికి ఉత్సవం ముగిసి రెండు వారాలైంది. పైగా గుడ్డల కొలతలు ఇక్కడి బల్లలకు సరిపోలేదు. అల్లకంలో మాత్రం ఒక్క ముడి తప్పు లేదు.

మొదట ఆయన మీద విసుక్కున్నాం. తరువాత ఆలోచిస్తే మాకే సిగ్గువేసింది. ఇక్కడ ఇన్నేళ్ళుగా ఉంటూ, రోజూ ఆ బల్లల మీదే భోంచేస్తూ, ఆ చీటీలున్న బట్టలే తొడుక్కుంటూ, కొలత రాసి పంపాలని మాకే తోచలేదు. కంపెనీవారు మచ్చు పంపారు, మేము అదీ పంపలేదు!

ఎగుమతికి సిద్ధం కావడమంటే గొప్ప విద్య కాదు. తన పేరున ఎగుమతి-దిగుమతి కోడ్ ఉండాలి. కొలత, రంగు, తూకం కాగితం మీద ఉండాలి. ఎవరు రవాణా భరిస్తారో, డబ్బు ఎప్పుడు వస్తుందో ముందే తేలాలి. కొనే దేశపు చట్టం తెలియాలి. 1990లలో జర్మనీ కొన్ని ఆజో రంగులను నిషేధించింది. 1997లో మన దేశమూ వాటిని నిషేధించింది. ఆ సంగతి అద్దకందారుకు సకాలంలో చేరితే రంగు మార్చుకుంటాడు, చేరకపోతే సరుకు తిరిగి వస్తుంది.

ఈ సమాచారం ప్రవాసంలో ఉన్న మనకు చేతికందే దూరంలో ఉన్నది. విరాళాలు ఇస్తున్నాం, మంచిదే. దానితోపాటు ప్రతి సంఘమూ ఒక ఊరి వృత్తిదారులను ఎంచుకొని, ఇక్కడి కొలతలు, నిబంధనలు, ధరలు తెలుగులో రాసి పంపితే, వారు దలాలు చెప్పిన ధరకు తలవంచనక్కరలేదు. అసలు ధర తెలిసినవాడితో బేరం వేరుగా ఉంటుంది. నాలుగు వందల ఏళ్ళుగా సముద్రం దాటుతున్న సరుకుతోపాటు, ఇప్పటికైనా చేసినవారి పేరు కూడా దాటాలని మా ఆకాంక్ష.